ఒట్టావా లైట్ రైల్: తేదీ కుదిరింది, లైన్ కుదురుకోలేదు

కెనడా రాజధాని ఒట్టావాలో కాన్ఫెడరేషన్ లైన్ 2019 సెప్టెంబర్ 14న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అప్పటికి పొడవు 12.5 కిలోమీటర్లు, స్టేషన్లు 13. నగరం నడిబొడ్డున 2.5 కిలోమీటర్ల సొరంగం, అందులో లయన్, పార్లమెంట్, రిడో అనే మూడు భూగర్భ స్టేషన్లు. ఒప్పందం ప్రకారం 2018 మేలో సిద్ధం కావాల్సిన లైన్ పదిహేను నెలలు ఆలస్యమైంది. రద్దీ వీధుల కింద సొరంగం ఉన్న ప్రాజెక్టులో అది పెద్ద ఆలస్యమేమీ కాదు. అసలు కథ తెరిచాక మొదలైంది. మొదటి నెలలోనే తలుపులు మొరాయించాయి. మొదటి చలికాలంలో రైళ్ల సంఖ్య కూలింది. 2021లో ఆరు వారాల తేడాతో రెండుసార్లు రైలు పట్టాలు తప్పింది. రెండోసారి లైన్ 54 రోజులు మూతపడింది. చివరికి ఒంటారియో ప్రభుత్వం బహిరంగ విచారణ వేసింది. జస్టిస్ విలియం హౌరిగన్ 2022 నవంబర్ 30న ఇచ్చిన ఆ నివేదికలో 103 సిఫార్సులున్నాయి.

కొత్త లైన్ తెరిచే పనిలో ఉన్నవాళ్లు ఈ కేసును ఒక్క ప్రశ్నతో చదవాలి. ట్రయల్ రన్‌లో ఏం కొలిచారు, తెరిచాక ఏది చెడింది? ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే వాటిలో కలిసేవి చాలా తక్కువ.

ఎవరి చేతిలో ఏముంది

ఒప్పందం 2013 ఫిబ్రవరిలో కుదిరింది. సుమారు 210 కోట్ల కెనడా డాలర్లు, స్థిర ధర. డిజైన్, నిర్మాణం, పెట్టుబడిలో కొంత, 30 ఏళ్ల నిర్వహణ అన్నీ రిడో ట్రాన్సిట్ గ్రూప్ అనే కన్సార్టియం బాధ్యత. అందులో భాగస్వాములు ఏసీఎస్, ఎస్‌ఎన్‌సీ లావలిన్, ఎల్లిస్‌డాన్. రైళ్లు నడిపేది మాత్రం నగరానికి చెందిన ఓసీ ట్రాన్స్‌పో. నిర్వహణ కన్సార్టియం అనుబంధ సంస్థది, ఆ సంస్థ చాలా భాగాన్ని రైళ్లు తయారు చేసిన ఆల్‌స్టామ్‌కు సబ్‌కాంట్రాక్టు ఇచ్చింది. సిగ్నలింగ్ అప్పట్లో థేల్స్ వారిదైన సెల్‌ట్రాక్. రైలు, కంట్రోల్ రూం మధ్య రేడియో మాటామంతీతో నడిచే వ్యవస్థ అది. రైలును నడిపేది ఆటోమేటిక్ వ్యవస్థే, ఆపరేటర్ క్యాబిన్‌లో ఉండి చూసుకుంటాడు. ఓవర్‌హెడ్ తీగలో 1500 వోల్టుల డీసీ.

ఇందులో చిక్కు ఎక్కడుందో చూడండి. ప్లాట్‌ఫాం మీద నిలిచిపోయిన రైలును కదిలించాలంటే ఆపరేటర్ ఒక సంస్థ మనిషి, టెక్నీషియన్ ఇంకో సంస్థ మనిషి, తలుపు సాఫ్ట్‌వేర్ మూడో సంస్థది, రైలుకు కదలడానికి అనుమతి ఇచ్చే సిగ్నలింగ్ నాలుగో సంస్థది. కాగితం మీద బాధ్యతలన్నీ స్పష్టంగానే ఉన్నాయి. అయినా ఉదయం ఎనిమిదిన్నరకు రైలు ఆగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని నిమిషాల్లో ఎవరు నిర్ణయం తీసుకోవాలి అన్నది కాగితంతో తేలదు. నిజంగా జరిగినట్టే జరిపించి సాధన చేయాలి.

రైలు ఆల్‌స్టామ్ సిటాడిస్ స్పిరిట్. ఒక్కో యూనిట్ పొడవు సుమారు 49 మీటర్లు, రెండు యూనిట్లు కలిపి ఒక రైలు. మొదటి దశకు 34 యూనిట్లు, అంటే 17 రైళ్లు. సిటాడిస్ పేరు ప్రపంచమంతా నడుస్తున్న పేరే. కానీ ఉత్తర అమెరికా ప్రమాణాలకు, ఒట్టావా చలికి తగ్గట్టు మార్చిన ఈ స్పిరిట్ దాదాపు కొత్త బండి, ఇంకెక్కడా సర్వీసులో నలగనిది. పైగా పూర్తి లో-ఫ్లోర్. ప్రయాణికుడికి ఎక్కడం సులువు. ఇంజనీర్‌కు మాత్రం చక్రాల దగ్గర, ఇరుసు దగ్గర చోటు కరువు. చిన్న చక్రాలు, ఇరుకు బోగీలు (పెట్టెలు కాదు, చక్రాలను పట్టి ఉంచే చట్రాలు), పరికరాలలో ఎక్కువ భాగం పైకప్పు మీద. ఆ తర్వాత వచ్చిన చాలా తలనొప్పులు ఈ రెండు చోట్ల నుంచే వచ్చాయి.

సమయం ఎక్కడ కరిగిపోయింది

2016 జూన్ 8న రిడో వీధిలో రోడ్డు కుంగి పెద్ద గొయ్యి పడింది. ఒక వ్యాన్ అందులో పడిపోయింది, కింద సొరంగంలోకి నీళ్లు చేరాయి. ఇలాంటి ఘటనలో నెలలు పోవడం ఎవరికైనా అర్థమయ్యేదే. బయటివాళ్లకు అంత తేలిగ్గా కనిపించని సంగతి, ఆ నెలలు ఏ పనిలోంచి కోత పడతాయన్నది. సివిల్ పని అయితేగాని పట్టాలు పడవు. పట్టాలు, కరెంటు వస్తేగాని సిగ్నలింగ్ పరీక్ష లేదు. సిగ్నలింగ్ వస్తేగాని అన్ని రైళ్లనూ ఒకేసారి టైంటేబుల్‌లో తిప్పడం లేదు. మొదట్లో పోయిన ప్రతి వారమూ చివరి పరీక్షల నుంచే తీసుకుంటారు, ఎందుకంటే ప్రారంభ తేదీకి పక్కనే ఉండేవి అవే.

ఇక్కడ ఇంకో ముడి కూడా ఉంది. రైళ్లను ఒట్టావాలోనే, బెల్ఫాస్ట్ యార్డ్ డిపోలో జోడించారు. లైన్ తెరిచాక నిర్వహణ జరగాల్సిందీ అక్కడే. అంటే కొత్త యూనిట్ల జోడింపు, పాతవాటిలో దొరికిన లోపాల మార్పులు, రోజువారీ తనిఖీ అన్నీ అవే మరమ్మతు బేల కోసం, అదే సిబ్బంది కోసం పోటీ పడ్డాయి. డిపోలో ఒక గుంట (రైలు కిందికి దిగి పని చేసే చోటు) ఒక యూనిట్‌కు ఎన్ని గంటలు దొరుకుతుందో వారం వారీగా లెక్క వేసి చూస్తే ఇలాంటి ఇరుకు ఏడాది ముందే కనిపిస్తుంది.

తేదీలు ఇలా జారాయి: 2018 మే 24, తర్వాత నవంబర్ 2, తర్వాత 2019 మార్చి 31, ఆపైన జూన్ 30. చివరికి ఒప్పందం ప్రకారం లైన్ సర్వీసుకు సిద్ధమని ఒప్పుకున్నది ఆగస్టు 30న. సాధ్యం కాదని తెలిసే కన్సార్టియం కొన్ని తేదీలు ఇచ్చిందని విచారణ తేల్చింది. దాని నష్టం పరువుతో ఆగలేదు. ప్రకటించిన ప్రతి తేదీకీ బస్సు రూట్ల మార్పు, డ్రైవర్ల ఎంపిక, పాత షెడ్యూళ్ల రద్దు అన్నీ ముడిపడి ఉంటాయి. తేదీ జారినప్పుడల్లా నగరం వాటిని విప్పి మళ్లీ కట్టింది. నాలుగోసారికి వచ్చేసరికి, ఈసారి ఎలాగైనా తెరవాలన్న ఒత్తిడి సాంకేతిక ప్రశ్నల కంటే పెద్దదైంది.

ట్రయల్ రన్: ఆ రెండు శాతం విలువ ఎంత

ట్రయల్ రన్ 2019 జూలై 29న మొదలై ఆగస్టు 22న ముగిసింది. ప్రధాన కొలమానం, టైంటేబుల్ ప్రకారం తిరగాల్సిన వాహన కిలోమీటర్లలో నిజంగా తిరిగినవి ఎంత శాతం అన్నది. 2019 ప్రణాళికలో 12 రోజుల సగటు 98 శాతం ఉండాలి. మొదటి రోజుల ఫలితాలు బాగా లేవు. మధ్యలో నిబంధన మారింది. 2017 నాటి పాత పత్రంలో ఉన్న 96 శాతం, 12 రోజుల్లో మంచి 9 రోజులు అన్న కొలతకు వెనక్కి వెళ్లారు. ఉదయం రద్దీలో నడపాల్సిన రైళ్లను కూడా 15 నుంచి 13కి తగ్గించారు. నిబంధన మారిన సంగతి కౌన్సిల్ సభ్యులకు అప్పుడు చెప్పలేదు. విచారణలో నగర యంత్రాంగం మీద వచ్చిన గట్టి తప్పు అదే.

రెండు శాతమేగా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఇది నమూనా లెక్క, కొలతల స్థాయి తెలియడానికే. వెళ్లి రావడానికి 25 కిలోమీటర్లు. రోజుకు 200 రౌండ్ ట్రిప్పులనుకుంటే 5,000 రైలు కిలోమీటర్లు. రద్దీ వేళ నాలుగు నిమిషాలకో రైలు, అంటే గంటకు 15. ఆ సమయంలో లైన్ 30 నిమిషాలు పూర్తిగా ఆగిపోతే ఏడున్నర ట్రిప్పులు పోతాయి, అంటే దాదాపు 188 కిలోమీటర్లు. మిగతా రోజంతా ఒక్క నిమిషం తేడా లేకుండా నడిచినా ఆ రోజు ఫలితం 96.25 శాతం. 98 నిబంధన ప్రకారం ఆ రోజు తప్పినట్టు. 96 ప్రకారం పాసైనట్టు. ఈ లైన్ ఒక దిశలో గంటకు పది వేల మందికి పైగా మోయాలని కట్టింది. ఆ అరగంటలో ఒక దిశలోనే ఐదు వేల మంది ప్లాట్‌ఫాంల మీద నిలిచిపోతారు. ఆ రెండు శాతంలో ఇరుక్కున్నది వాళ్లే.

ఇక 12లో 9 అనేది ఇంకా లోతైన సడలింపు. చెడ్డ రోజులు మూడింటిని పక్కన పెట్టవచ్చు. కానీ లైన్ ఎలా చెడుతుందో, చెడినప్పుడు ఎంతసేపట్లో కోలుకుంటుందో చెప్పేవి ఆ మూడు రోజులే.

కిలోమీటర్ల కొలతకు ఇంకో గుడ్డి మచ్చ ఉంది. రెండు రైళ్లు ఒకదాని వెనక ఒకటి అంటుకుని వచ్చి, వాటి వెనక పన్నెండు నిమిషాలు ఖాళీ ఉన్నా కిలోమీటర్లు తగ్గవు. ప్రయాణికుడికి మాత్రం అది నాలుగు నిమిషాల సర్వీసు కాదు. అందుకే ఈ శాతంతో పాటు కనీసం మూడు సంఖ్యలు విడిగా రాసుకోవాలి. మొదటిది, రద్దీ వేళ షెడ్యూల్ కంటే రెట్టింపు దాటిన ఖాళీలు ఎన్ని. రెండోది, రైలు ఆగినప్పటి నుంచి మళ్లీ కదిలేదాకా ఎన్ని నిమిషాలు, సగటు ఒకటి, అన్నిటికంటే చెడ్డది ఒకటి. మూడోది, ఉదయం డిపో గేటు దాటాల్సిన రైళ్లలో ఎన్ని దాటాయి. మూడోది పడిపోవడం మొదలైతే మిగతావన్నీ రెండు వారాల్లో దాని వెంట పడతాయి.

13 రైళ్లకు తగ్గించడాన్ని నేను తప్పుపట్టను. ఒక చివర నుంచి మరో చివరకు 25 నిమిషాల లోపే. రెండు చివర్లా మలుపుతో కలిపి ఒక రౌండ్ 52 నిమిషాలనుకుంటే 13 రైళ్లతో నాలుగు నిమిషాలకొకటి నడుస్తుంది, 15తో దాదాపు మూడున్నరకు. 13 నడిపితే 26 యూనిట్లు లైన్ మీద, 8 డిపోలో. 15 నడిపితే డిపోలో మిగిలేది నాలుగే. కొత్త బండ్లకు నాలుగు యూనిట్ల నిల్వ అంటే లేనట్టే. తప్పు జరిగింది దాన్ని శాశ్వత సర్దుబాటులా చూడటంలో. ఈ ఎనిమిది యూనిట్లలో రోజూ ఎన్ని ఏ మార్పు కోసం ఆగి ఉన్నాయన్న లెక్క బయటకు కనిపించేలా ఉండాల్సింది.

మూడు వారాల బస్సులు

1983లో మొదలైన ట్రాన్సిట్‌వే అనే బస్సు మార్గం అప్పటిదాకా ఒట్టావా రవాణాకు వెన్నెముక. రైలు దాని స్థానంలోనే వచ్చింది, చాలా చోట్ల అదే దారి మీద. రైలు తెరిచాక సమాంతర బస్సులు మూడు వారాలు నడిచాయి. అక్టోబర్ 6న ఆగిపోయాయి. అప్పటిదాకా నగరం మధ్యకు నేరుగా వెళ్లిన బస్సులు ఇకపై టన్నీస్ పాశ్చర్, హర్డ్‌మన్, బ్లెయిర్ స్టేషన్ల దగ్గర జనాన్ని దింపి వెనక్కి తిరిగాయి.

అంటే రైలు మీద అసలైన బరువు పడింది సెప్టెంబర్ 14న కాదు, అక్టోబర్ 7న, సోమవారం. ఆ వారంలోనే తలుపులు, రైలులోని కంప్యూటర్ వ్యవస్థ ఇబ్బంది పెట్టాయి. పశ్చిమ చివర టన్నీస్ పాశ్చర్ ప్లాట్‌ఫాం మీద అడుగు పెట్టే చోటు లేదు. బస్సులు మాత్రం దింపుతూనే ఉన్నాయి, ఎందుకంటే వాటికి ఇప్పుడు వేరే దారి లేదు.

కొన్నాళ్లు పాక్షికంగా, మెల్లగా తెరుద్దామని కన్సార్టియం వైపు నుంచి మాట వచ్చింది, నగరం ఒప్పుకోలేదు. ఆ నిర్ణయానికి కారణం లేకపోలేదు. డ్రైవర్ల జీతాలు, బస్సుల ఖర్చు రెండు చోట్లా భరించడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా మూడు వారాలన్నది క్యాలెండర్ మీది సంఖ్య, లైన్ పనితీరుకు దానితో సంబంధం లేదు. బస్సులు ఆపడానికి షరతు తేదీ రూపంలో ఉండకూడదు. వరుసగా ఇన్ని పని దినాలు ఉదయం రద్దీలో పది నిమిషాలు దాటిన ఖాళీ లేకపోతే మూడో వంతు బస్సులు తీసేస్తాం, మళ్లీ అన్ని రోజులు గడిస్తే ఇంకో మూడో వంతు అని రాసుకోవాలి. ఆఖరి మూడో వంతును మొదటి చలికాలం దాటేదాకా ఉంచాలి. డ్రైవర్ల ఒప్పందాలు, షెడ్యూల్ సీజన్లు ఈ మెట్లకు సరిపోయేలా ముందే కుదుర్చుకోకపోతే ఆ రోజు ఎంత కోరుకున్నా బస్సులు దొరకవు.

ఒక తలుపు, ఒక లైన్

మూసుకుంటున్న తలుపుకు ఒక బ్యాక్‌ప్యాక్ అడ్డుపడుతుంది. తలుపు అడ్డును గుర్తించి మళ్లీ తెరుచుకుంటుంది. మూసుకోబోతుంది, మళ్లీ అడ్డు. ఇలా కొన్నిసార్లు జరిగాక ఆ తలుపు కంట్రోలర్ ఇది అడ్డు కాదు, లోపం అని నిర్ణయించుకుని పని ఆపేస్తుంది. అన్ని తలుపులూ మూసుకుని తాళం పడ్డాయని చెప్పే సర్క్యూట్ రైలు పొడవునా ఒకటే. ఒక్క తలుపు తేలకపోతే ఆ సర్క్యూట్ పూర్తి కాదు, మోటార్లకు కరెంటు వెళ్లదు. ఇక్కడిదాకా అంతా డిజైన్ చేసిన ప్రకారమే. భద్రత వైపు నుంచి చూస్తే ఇలాగే ఉండాలి కూడా.

తర్వాతి నిమిషాలు చూడండి. ఆపరేటర్ స్క్రీన్ మీద ఏ తలుపో చూస్తాడు. కంట్రోల్ రూంకు చెప్పి అనుమతి తీసుకుంటాడు. క్యాబిన్ దిగి 98 మీటర్ల రైలు పక్కన, కిక్కిరిసిన ప్లాట్‌ఫాం మీద ఆ తలుపు దాకా నడుస్తాడు. చేత్తో మూసి, తాళంచెవితో ఆ తలుపును సర్క్యూట్ నుంచి తప్పిస్తాడు, పని చేయదని స్టిక్కర్ అంటిస్తాడు, వెనక్కి వస్తాడు. ఖాళీ ప్లాట్‌ఫాం మీద ఇది మూడు నాలుగు నిమిషాల పని. జనంలో ఏడెనిమిది పడుతుంది. నాలుగు నిమిషాలకో రైలు నడిచే లైన్‌లో అప్పటికి వెనక రెండు రైళ్లు స్టేషన్ల మధ్య ఆగి ఉంటాయి. ముందున్న స్టేషన్లలో జనం పెరిగి ఉంటారు. కాబట్టి ఈ రైలు కదిలాక ప్రతి స్టేషన్‌లోనూ ఎక్కువ సేపు ఆగాలి, తలుపుల దగ్గర తోపులాట ఇంకా పెరుగుతుంది, ఇంకో తలుపు చెడే అవకాశమూ పెరుగుతుంది.

ఇది ట్రయల్ రన్‌లో ఎందుకు బయటపడదో అంకెలతో చూడవచ్చు. రైలుకు ఒక పక్క 14 తలుపులు అనుకుందాం. 13 స్టేషన్లు, రెండు దిశలు, 200 రౌండ్లు. రోజుకు దాదాపు 73 వేల సార్లు తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి. ఖాళీ రైళ్లలో లక్షకు ఒకటి చెడితే రోజుకు ఒకటి కూడా రాదు. జనం ఎక్కాక అదే తలుపు పది వేలకు ఒకటి చొప్పున చెడితే రోజుకు ఏడు, వాటిలో ఎక్కువ రద్దీ వేళే. తలుపు మారలేదు, దాని ముందున్న పరిస్థితి మారింది.

పరీక్ష చేయడం కష్టమేమీ కాదు. మూడు నాలుగు వందల మంది వాలంటీర్లను రెండు రోజులు పిలిచి, సంచులతో, పిల్లల బండ్లతో, చక్రాల కుర్చీలతో ఎక్కించి దింపాలి. తలుపులు పట్టుకోమని కొందరికి ముందే చెప్పాలి. ప్రతి ఆపరేటర్‌తో తలుపు తప్పించే పని గడియారం పెట్టి చేయించాలి. ఐదు నిమిషాలు దాటితే పద్ధతి మార్చాలి, ఎంతసేపు ప్రయత్నించాక రైలును ఖాళీ చేయించాలో ముందే నిర్ణయించాలి. ఒట్టావాలో తర్వాత చేసింది దాదాపు ఇదే. తలుపుల సాఫ్ట్‌వేర్ సవరించారు, స్టేషన్లలో టెక్నీషియన్లను నిలబెట్టారు, ప్లాట్‌ఫాంల మీద సిబ్బందిని పెంచారు. అవన్నీ సెప్టెంబర్‌లోనే ఉండగలిగినవి.

చలికాలం, చక్రం, లేత్

ట్రయల్ రన్ నడిచింది నడి వేసవిలో. ఒట్టావా చలి మైనస్ 30కి కూడా దిగుతుంది. అంతకు ముందు చలికాలంలో కొన్ని రైళ్లు పరీక్షగా తిరిగాయి, మంచులో చిక్కుకున్న సందర్భాలూ ఉన్నాయి. పూర్తి టైంటేబుల్‌తో, నిండు రైళ్లతో మాత్రం చలికాలాన్ని లైన్ మొదటిసారి చూసింది సర్వీసులోకి వచ్చాకే.

మొదట దెబ్బ తిన్నవి పాయింట్లు, అంటే రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టాలు. గాలికి కొట్టుకొచ్చే మంచు, కదిలే పట్టాకూ స్థిరమైన పట్టాకూ మధ్య చేరి గట్టిపడుతుంది. కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగిలినా పాయింట్ సరిగ్గా పడిందన్న సంకేతం రాదు, సిగ్నలింగ్ ఆ దారి ఇవ్వదు. విద్యుత్ హీటర్లు పట్టాను వేడి చేస్తాయి గానీ, ఈదురుగాలితో వచ్చే మంచు వేగాన్ని అందుకోలేకపోయాయి. బయటి పాయింట్లలో కొన్నింటికి గ్యాస్‌తో వేడిగాలి ఊదే హీటర్లు పెట్టాల్సి వచ్చింది. రైలు పైకప్పు మీద తేమ, దుమ్ము చేరి ఇండక్టర్లు అనే విద్యుత్ భాగాలు చెడ్డాయి. 2020 జనవరిలో ఓవర్‌హెడ్ తీగ తెగి కొంత భాగంలో సర్వీసు నిలిచింది.

వీటన్నిటికంటే నెమ్మదిగా, ఎక్కువ లోతుగా కొట్టింది చక్రాల చదును. మంచు పట్టిన పట్టా మీద ఎమర్జెన్సీ బ్రేక్ పడితే చక్రం తిరగడం ఆగి జారుతుంది. జారిన చోట అంచు అరిగి చదునవుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ, ఆ దెబ్బ పట్టాకూ బేరింగ్‌కూ కూడా తగులుతుంది. ఎమర్జెన్సీ బ్రేక్ పడటానికి నిజమైన ప్రమాదమే ఉండనక్కర్లేదు. క్షణంపాటు సిగ్నల్ సంబంధం తెగినా, ప్లాట్‌ఫాం చివర ఎవరో ట్రాక్ మీదికి దిగారని సెన్సార్ పొరపాటున చెప్పినా చాలు. వేసవిలో అదొక చిన్న కుదుపు. చలిలో అదే ఒక రోజు రైలును లైన్ మీద నుంచి తీసేసే సంగతి.

చదునైన చక్రాన్ని లేత్ అనే చెక్కే యంత్రం మీద మళ్లీ గుండ్రంగా చెక్కాలి. ఒకదాన్ని చెక్కితే అదే బోగీలోని మిగతావాటినీ దాదాపు అదే వ్యాసానికి తేవాలి. లో-ఫ్లోర్ బండి చక్రాల్లో చెక్కడానికి ఉన్న మందం అసలే తక్కువ. అన్నిటికీ మించి లేత్ ముందు వరుస పెరుగుతుంది. ఒక్క మంచు తుపానులో ఐదారు యూనిట్లకు చదును పడితే, లేత్‌కు రోజుకు ఒక యూనిట్ పని దాటనప్పుడు వారం గడుస్తుంది, ఆ లోపు ఇంకో తుపాను. 2020 మొదటి నెలల్లో 13 నడవాల్సిన చోట కొన్ని రోజులు ఎనిమిది, తొమ్మిది రైళ్లే నడిచాయి. ఆ మార్చిలో నగరం కన్సార్టియంకు ఒప్పంద ఉల్లంఘన నోటీసు ఇచ్చింది.

చలి రోజుల్లో బ్రేక్ తీవ్రత తగ్గించి, దూరం నుంచే ఆగడం మొదలుపెట్టేలా సిగ్నలింగ్‌లో సర్దుబాటు తర్వాత వచ్చింది. దానివల్ల ప్రయాణం కొద్దిగా పొడుగవుతుంది. టైంటేబుల్‌లో ఆ నిమిషాలు మొదటి నుంచే ఉండి ఉంటే దాన్ని ఎవరూ లోటుగా చూసేవారు కాదు.

బేరింగ్, ఆపై బోల్టు

2020 జూలైలో కొన్ని చక్రాలకు పగుళ్లు కనిపించాయి. చక్రం విడదీయడానికి వాడే స్క్రూ తయారీ సమయంలో పూర్తిగా వెనక్కి తీయకపోవడంతో అది లోపల తాకుతూ ఉండటం కారణం. 2021 ఆగస్టు 8న టన్నీస్ పాశ్చర్ దగ్గర ప్రయాణికులు లేని రైలు ఒకటి పట్టాలు తప్పింది. ఇరుసు బేరింగ్ వేడెక్కి విఫలమైంది. వెంటనే మిగతా యూనిట్లన్నిటి బేరింగ్‌లూ తనిఖీ చేశారు, వదులు ఎక్కువున్నవాటిని మార్చారు.

సెప్టెంబర్ 19న ట్రెంబ్లే స్టేషన్ దగ్గర ఇంకో రైలు తప్పింది. ఈసారి కారణం బేరింగ్ కాదు. ఆ బేరింగ్ పని కోసం గేర్‌బాక్స్ విప్పి తిరిగి బిగించినప్పుడు బోల్టులకు పూర్తి టార్క్ (బిగింపు బలం) ఇవ్వలేదు. ఒక బృందం పని మధ్యలో ఇంకో బృందానికి అప్పగించిన చోట ఆ మెట్టు జారిపోయింది. మొదటి ప్రమాదానికి చేసిన మరమ్మతే రెండో ప్రమాదానికి దారి తీసింది.

డిపోలో పనిచేసేవాళ్లకు ఇది వింతేమీ కాదు. తొందర మరమ్మతుల్లో ముందుగా తెగేది షిఫ్టు మారే చోటే. మందు తెలిసిందే: తనిఖీ చేసిన టార్క్ రెంచ్, బిగించినవాడి సంతకం, వేరే మనిషి రెండో తనిఖీ, బోల్టు తల మీదుగా పక్క లోహం దాకా గీసిన రంగు గీత. గీత లేని బోల్టు ఉన్న యూనిట్ డిపో గేటు దాటకూడదు. సగంలో ఉన్న పని అప్పగించేటప్పుడు నోటి మాట చెల్లదు. ఏ బోల్టు దాకా వచ్చామో కాగితం మీద ఉండాలి, లేదంటే కొత్త బృందం మొదటి బోల్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు గంటలు వృథా అనిపిస్తుంది. ఒట్టావాలో లైన్ నవంబర్ 12న తిరిగి తెరుచుకునేటప్పటికి 54 రోజులు పోయాయి, అప్పుడు కూడా ఏడు రైళ్లతోనే మొదలైంది.

బేరింగ్ మూలం మాత్రం అప్పటికీ తేలలేదు. గట్టి మలుపుల్లో, చక్రాన్ని పట్టి ఉంచే అదనపు పట్టా రాపిడితో ఇరుసు మీద పడే పక్క ఒత్తిడి, బండి డిజైన్‌లో అనుకున్నదానితో సరిపోలేదు. 2023 జూలైలో బేరింగ్‌ల వదులు మళ్లీ కనిపించి లైన్ 28 రోజులు ఆగింది. చక్రం, పట్టా ఒకదానికొకటి ఎలా ఆనుతున్నాయో కొలిచే పరికరాలు బిగించిన రైలును, అన్ని మలుపుల్లో, నిండు బరువుతో తిప్పి చూడాల్సింది ట్రయల్ రన్ కంటే ముందు. బండి ఒక చేతిలో, ట్రాక్ ఇంకో చేతిలో ఉన్నప్పుడు ఈ పరీక్ష ఎవరిదో ఒప్పందంలో పేరు పెట్టి రాయకపోతే ఎవరిదీ కాకుండా పోతుంది.

తెరిచే రోజు డిపో మీద పడ్డ అప్పు

2019 జూలై చివర్లో నిర్మాణం గణనీయంగా పూర్తయిందని ఒప్పుకున్నప్పుడు, కొన్ని పనులు తర్వాత చేసుకోవచ్చని జాబితాలో పెట్టారు. అలాంటి జాబితా ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. అడగాల్సింది జాబితా పొడవు గురించి కాదు, అందులోని పనులు ఎక్కడ చేస్తారన్నది. స్టేషన్ గోడ టైల్స్ పగలు చేయవచ్చు. రైలు మీది మార్పులకు డిపో గుంట కావాలి. ట్రాక్ మీది పనులకు రాత్రి రైళ్లు ఆగాక దొరికే మూడు నాలుగు గంటలు కావాలి. అందులో కరెంటు తీయడం, మళ్లీ ఇవ్వడం పోగా మిగిలేది రెండున్నర. ఆ రెండూ రోజువారీ నిర్వహణకు కూడా కావాలి. కాబట్టి ప్రతి పెండింగ్ పని పక్కనా గుంట గంటలు, రాత్రి గంటలు రాసి మొత్తం కూడాలి. వారానికి దొరికే గంటల్లో నిర్వహణకు పోను మిగిలినవాటితో భాగించాలి. జవాబు నలభై వారాలొస్తే, మొదటి చలికాలం లోపల ఆ పని అవ్వదని తెరవక ముందే తెలిసిపోతుంది.

పెనాల్టీల సంగతి కూడా దీనితోనే ముడిపడింది. సర్వీసు తగ్గితే నెల చెల్లింపులో కోత పడేలా ఒప్పందం ఉంది. స్థిరపడ్డ లైన్‌కు అది మంచి పద్ధతే. మొదటి నెలల్లో మాత్రం ప్రతి చిన్న లోపమూ ఒక వర్క్ ఆర్డర్, ప్రతి వర్క్ ఆర్డర్‌కూ గడువు, గడువు తప్పితే కోత. నిర్వహణ బృందం ఏది ముఖ్యమో కాక ఏ గడువు ముందు ముగుస్తుందో చూసి పని చేయడం మొదలుపెడుతుంది. చెత్తబుట్ట మూతకూ, పాయింట్ హీటర్‌కూ ఒకే వరుసలో టికెట్ ఉంటే ఇదే జరుగుతుంది. మొదటి ఆరు నెలలు భద్రతకు, రైళ్ల సంఖ్యకు సంబంధించినవాటికే పూర్తి కోత పెట్టి మిగతావాటికి సడలింపు ఇస్తే లైన్ తొందరగా కుదురుకుంటుందని నా అభిప్రాయం. నగర ఖజానా వైపు నుంచి చూసేవాళ్లు దీన్ని ఒప్పుకోరని తెలుసు.

అదే నగరం, ఇంకో ప్రారంభం

2025 జనవరి 6న ఒట్టావాలో ఉత్తర దక్షిణ మార్గమైన రెండో లైన్, విమానాశ్రయానికి వెళ్లే నాలుగో లైన్‌తో కలిసి తెరుచుకుంది. అది డీజిల్ రైళ్ల లైన్, రద్దీ కూడా తక్కువ, కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చలేం. అయినా తెరిచిన పద్ధతి చూడదగ్గది. ట్రయల్ రన్ 12 రోజుల బదులు 21 రోజులు. తెరిచాక మొదట సోమవారం నుంచి శుక్రవారం దాకానే నడిపారు. జనవరి చివర్లో శనివారం కలిపారు, మార్చిలో ఆదివారం కూడా. మొదటి వారాల్లో ఆ రెండు ఖాళీ రోజులూ డిపోకు, ట్రాక్ బృందాలకు పగటిపూట పనికి దొరికాయి. సమాంతర బస్సు రూటును రైలు మొదలైన రోజున తీసేయలేదు.